బర్రె లేచేదాకా

ఆయన పోయిన మర్నాడు నా ఫోనుకు ఒకే వీడియో మూడు గ్రూపుల్లోంచి వచ్చింది. కంపెనీ గ్రూపు, చర్చి గ్రూపు, కాలనీ గ్రూపు. నిమిషంన్నర ఉంటుంది. పచ్చ బట్ట కట్టిన గోడ ముందు నల్ల టీషర్టు మనిషి ఒకడు భుజాల దాకా జుట్టు విరబోసుకుని ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంటాడు. ఎదురుగా జంపఖానా మీద పాతికమంది పిల్లలు ఎగురుతుంటారు. ఆయన వెనక, ఎడమ పక్కన, థర్మోకోల్ తల తగిలించుకున్న బర్రె ఒకటి బేస్ గిటార్ పట్టుకుని నిలబడి ఉంటుంది. వీడియో కింద అందరూ కన్నీళ్ల బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ బర్రె ఎవరని ఒక్కరూ అడగలేదు.

ఆ బర్రె నేనే.

పదో రోజున చర్చిలో ఆయన జ్ఞాపకంగా ఆదరణ కూడిక పెట్టారు. అయిదు నిమిషాలు మాట్లాడమని వదిన కబురు చేసింది. ఆమెకు నేను మరిదిని కాను, ఆయనను అన్నా అని పిలిచినందుకు ఆమె వదినయింది. అయిదు నిమిషాలంటే నాకు చాలా ఎక్కువ. నేను చెప్పాల్సింది అర నిమిషంలో అయిపోతుంది, కానీ ఆ అర నిమిషాన్ని పదిహేనేళ్లుగా దాటేస్తూ వచ్చాను. ఆయన ఎడమ చేతి మూడు వేళ్లు ఎట్లా పోయాయో కంపెనీ కాగితాల్లో రాసి ఉంది. అక్కడ రాసింది నిజం కాదు. నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే, ఇప్పుడు నేనొక్కణ్ణి. నేను కూడా నోరు మూసుకుంటే ఆయన ఒక అజాగ్రత్త మనిషిగానే మిగిలిపోతాడు.

మాట్లాడటానికి నాలుగు ముక్కలు రాసుకుందామని కూర్చుంటే ముందుగా ఆయన చేతులే గుర్తొచ్చాయి.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులు చేసే కంపెనీ మాది. ఆయన అందులో రిగ్గర్. బరువులకు తాళ్లు కట్టి, కింద నిలబడి, క్రేన్‌కు సైగలు చేసే పని. నేను క్రేన్ ఆపరేటర్ని. షెడ్డు కప్పు కింద అద్దాల డబ్బాలో కూర్చునేవాణ్ణి. అక్కణ్ణుంచి చూస్తే జనరల్ మేనేజరూ క్యాంటీన్ మల్లమ్మా ఒకే సైజులో కనిపిస్తారు. నాది చిన్నచూపని ఎవరైనా అంటే, అది నా ఉద్యోగధర్మం అని సర్దుకునేవాణ్ణి.

గ్రైండింగ్ మోతలో మాట వినపడదు కనుక మా షెడ్డులో చేతులే నోళ్లు. చూపుడువేలు పైకెత్తి తిప్పితే ఎత్తు అని. అరచేయి కిందికి ఆడిస్తే దించు. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే ఆపు. మిగతా సైగలన్నీ రిగ్గరే చెయ్యాలి. ఆపు అన్న సైగ మాత్రం ఎవరు చేసినా, చివరికి టీ తెచ్చిన మల్లమ్మ చేసినా, ఆపరేటర్ ఆగిపోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేర్పే సంగతి ఇది.

ఆ సైగలను ఆయన ఇంటికి కూడా తీసుకుపోయేవాడు. వదిన అన్నం వడ్డిస్తుంటే అరచేయి కిందికి ఆడించేవాడు, దించు, ఇంకొంచెం దించు, అని. కూర చాలంటే పిడికిలి బిగించేవాడు. ఆమెకు విసుగొచ్చి, "నోరు కంపెనీల జమచేసి వచ్చినవా ఏంది?" అని అడిగేది. ఆయన చూపుడువేలు పైకెత్తి తిప్పేవాడు. ఇంకొంచెం అన్నమనో, ఇంకొంచెం తిట్టమనో, ఆమెకే తెలియాలి.

గిటార్ శ్రుతి చేసుకోవడానికి ఆయనకు వేరే పరికరం అక్కర్లేదు. రెండు గంటల షిఫ్టు సైరన్ మోగగానే మూడో తీగను దానికి కలిపేసేవాడు. మా సైరన్ శ్రుతిలో ఉంటుందనీ, గోడ అవతలి కంపెనీ సైరన్ వెంట్రుకవాసి తక్కువ పలుకుతుందనీ ఆయన బాధ. ఒకసారి ఆ కంపెనీ గేటు దాకా పోయి వాచ్‌మన్‌తో ఆ సంగతి చెప్పి వచ్చాడు. వాచ్‌మన్ బీహార్ నుంచి కొత్తగా వచ్చినవాడు, "సాబ్‌కో బోలూంగా" అన్నాడట. అన్న నెల రోజులు రోజూ చెవి రిక్కించి విని, "చెప్పలే తమ్మీ, గట్లనే ఉన్నది" అని నాతో వాపోయేవాడు.

ఇనుప తాడు కట్టే ముందు అంగుళం అంగుళం వేళ్లతో తడిమేవాడు. గిటార్ తీగలనూ అంతే. "తాడైనా తీగైనా తెగే ముందు చెప్తది తమ్మీ. మనమే వినం" అనేవాడు. నేను తెగిన తర్వాత కూడా వినని రకం. నా బేస్ గిటార్‌కు ఉన్నవే నాలుగు తీగలు, అందులో రెండింటితోనే బండి లాగించేవాణ్ణి. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసీ నా బదులు ఇంకొకణ్ణి పెట్టుకోలేదు. ఇంకెవరూ దొరకలేదని నేననుకునేవాణ్ణి.

మా బ్యాండులో మూడో మనిషి యాదగిరి. హత్నూర నుంచి వచ్చేవాడు, పెండ్లి బ్యాండులో డ్రమ్ము కొట్టేవాడు. అన్న చర్చిలో గిటార్ నేర్చుకున్నవాడు. నేను ఎక్కడా నేర్చుకోనివాణ్ణి. మా నాన్న కోస్తా నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, ఆయన దృష్టిలో గిటార్ అంటే క్రికెట్ బ్యాటు కంటే చెడ్డ వ్యసనం. మాది రాక్ బ్యాండ్. పిలుపులు రాక, పైసలు రాక, నాకు వాయించడం రాక. ఒక కాలేజీ ఉత్సవంలో వాయిస్తే కరెంటు పోయింది. కరెంటు వచ్చాక మమ్మల్ని మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ అడగలేదు.

అట్లాంటి రోజుల్లో సంగారెడ్డి కేబుల్ చానెల్ వాళ్లు పిలిచారు. టైర్ల దుకాణం మీద అంతస్తులో ఒక గది, అదే స్టూడియో. ఆదివారం పొద్దున పిల్లల కార్యక్రమం ఉండేది. ప్రతి వారం వచ్చే మెజీషియన్‌కు పచ్చకామెర్లు. ఒక్క వారం కోసం మమ్మల్ని పిలిచారు. రెండేళ్లు ఉన్నాం.

మొదటిరోజు ఆయన పుర్రె బొమ్మ ఉన్న నల్ల టీషర్టు వేసుకుని వచ్చాడు. కార్యక్రమం నడిపే మేడమ్ ఒకప్పుడు టీచరు. ఆ పుర్రెను చూసి, పిల్లలు జడుసుకుంటారు, చొక్కా మార్చుకోమంది. ఆయన దగ్గర వేరే చొక్కా లేదు. ఉన్నా వేసుకునేవాడు కాదనుకోండి. చివరికి ఆమె పిల్లల క్రాఫ్టు డబ్బాలోంచి పొద్దుతిరుగుడు పువ్వు స్టిక్కరు తీసి పుర్రె మీద అంటించింది. పువ్వు చిన్నది, పుర్రె పెద్దది. పళ్లు బయటికే కనిపిస్తున్నాయి. రెండేళ్లూ ఆయన అట్లాగే వాయించాడు, పూలు నమిలే పుర్రెతో. పిల్లలు దాన్ని చూసి జడుసుకోలేదు. దానికి పేరు కూడా పెట్టారు, ఎవరెవరో ఏవేవో పేర్లు.

పిల్లలతో ఆయన ముద్దుమాటలు ఆడేవాడు కాదు. షెడ్డులో సీనియర్ ఫోర్‌మన్‌తో ఎట్లా మాట్లాడేవాడో వాళ్లతోనూ అట్లాగే. రికార్డింగుకు ముందు ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, మోత సరిపోయిందా అని సలహా అడిగేవాడు. వాళ్లు ఎప్పుడూ ఇంకా పెంచమనే చెప్పేవారు. ఆయన మేడమ్ వైపు తిరిగి, నేనేం చెయ్యాలె, వీళ్లంత ఒక్క మాట మీద ఉన్నరు, అన్నట్టు చేతులు చాచేవాడు. ఆమె వచ్చి మోత తగ్గించేది. ఆమె తిరిగి పోయేలోపల ఆయన మడమతో మీట తిప్పేవాడు.

మా పేరు నిలబెట్టింది బర్రె పాట. ఆయనే కట్టాడు.

ఇస్నాపూర్ చౌరస్తల బర్రె పన్నది,
పటాన్‌చెరు బస్సొచ్చి బ్రేకు కొట్టింది.

బ్రేకు దగ్గర ఆయన రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టేవాడు. షెడ్డు సైగే. గిటార్, డ్రమ్ము, పిల్లలు, అందరూ ఉన్నచోట బిగుసుకుపోవాలి. పడుకున్న బర్రె లేవాలా వద్దా అని ఆలోచిస్తుంది. నాలుగు లెక్కలు. అప్పుడు బర్రె తల ఊపుతుంది, పాట మళ్లీ రెట్టింపు మోతతో అందుకుంటుంది. పాటకు ఒక బర్రె కావాలని మేడమ్ పట్టుబట్టింది. పాడేది అన్న, డ్రమ్ముల వెనక కనపడనిది యాదగిరి, ఖాళీగా ఉన్నవాడిలా కనిపించేది నేను. నా సంగీత జీవితంలో దక్కిన ఒకే ఒక్క ప్రధాన పాత్ర అది. ఆ నాలుగు లెక్కల నిశ్శబ్దంలో పాతికమంది పిల్లలు ఊపిరి బిగబట్టి నన్నే చూసేవారు. నేను తల ఊపేదాకా లోకం కదిలేది కాదు. చేతగాని బేస్ వాయించేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆదివారం పాట వస్తే సోమవారం షెడ్డులో అదే ఆట. పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చి తల మీద చేతులు అడ్డంగా పెట్టేవారు. నేను పైన క్రేన్ ఆపి, నాలుగు లెక్కపెట్టి, గంట కొట్టి మళ్లీ కదిలించేవాణ్ణి. కింద ఈలలు. అన్నకు ఇది మొదట నచ్చలేదు. ఒకరోజు నిచ్చెన ఎక్కి క్యాబిన్ దాకా వచ్చి, "ఆట ఖాళీ కొక్కెం మీదనే తమ్మీ. బరువుంటే మాత్రం పాట లేదు" అన్నాడు. సరే అన్నాను. ఖాళీ కొక్కెం ఉంటే ఆయన కూడా ఆడేవాడు.

ఆ సోమవారం కూడా పొద్దున్నుంచి వేళాకోళమే. ఖాళీ కొక్కెంతో అప్పటికి మూడుసార్లు ఆడాం. పదకొండు గంటలప్పుడు ట్యాంకు మూతను, అంటే గిన్నెలా వంచిన మందపాటి ఇనుప రేకును, దించుతున్నాం. కింద చెక్క దిమ్మెలు పరిచి ఉన్నాయి. మూత ఇంకా జానెడు ఎత్తులో ఉండగా ఒక దిమ్మె ఒరిగింది. ఆయన రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు. నేను ఆపాను. ఆయన వంగి, ఎడమ చెయ్యి లోపలికి పెట్టి, దిమ్మెను నిలబెడుతున్నాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

గంట కొట్టి దించాను.

ఆలోచించి చేసింది కాదు. ఆలోచన అనేది ఉంటే ఆగి ఉండేవాణ్ణి. నా చెయ్యే లెక్కపెట్టింది, నా చెయ్యే మీట నొక్కింది. పైనుంచి నాకు ఆయన వీపూ, హెల్మెట్ కిందినుంచి దిగిన జుట్టూ మాత్రమే కనిపించాయి. కేక కూడా వినపడలేదు, గ్రైండింగ్ నడుస్తోంది. ఆయన వీపు ఒక్కసారి పైకి లేచి మళ్లీ అక్కడే ఆగిపోయింది. చెయ్యి లోపల ఉంటే వీపు ఎంతని లేస్తుంది?

ఆస్పత్రిలో నేను పోయేసరికి సేఫ్టీ ఆఫీసర్ మంచం పక్కన కూర్చుని రాసుకుంటున్నాడు. దించు అని సైగ తానే ఇచ్చాననీ, ఇచ్చాక దిమ్మె ఒరిగితే చెయ్యి పెట్టాననీ అన్న చెబుతున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. బరువు కింద చెయ్యి పెట్టకూడదు, ఇనుప కడ్డీతో జరపాలి. అది ఆయన తప్పే. ఆ ఒక్క నిజాన్ని ఆనుకుని మిగతా అబద్ధమంతా నిలబడింది. ఆఫీసర్ లేచి పోయాక నన్ను దగ్గరికి రమ్మన్నాడు. నా ఉద్యోగం అప్పటికి పర్మనెంట్ కాలేదు, ఇంట్లో మా ఆవిడకు ఏడో నెల. రెండూ ఆయనకు తెలుసు.

"ఒక్కటి పోయింది చాలు తమ్మీ," అన్నాడు. "నీ నౌకరి గూడ ఎందుకు."

వద్దు అన్నా, నేను చెప్తాను, అని ఒక్క మాట అనొచ్చు. నేను ఆయన కాళ్ల దగ్గరున్న దుప్పటి సర్దాను.

రెండు నెలల తర్వాత ఆయన స్టూడియోకు వచ్చాడు. గిటార్ తేలేదు. పాట పాడతానన్నాడు, చర్చి పిల్లవాణ్ణి ఒకణ్ణి గిటార్‌కు పెట్టాం. ఎడమ చేతికి ఇంకా కట్టు ఉంది. పిల్లలు దాన్నే చూస్తున్నారు. ఆయన కూతురు షారోన్ కూడా ఆ రోజు ముందు వరసలో కూర్చుంది, తొమ్మిదేళ్లది. కెమెరా నడుస్తుండగానే ఒక పిల్ల లేచి నిలబడి, "మామా, నీ ఏళ్లేవి?" అని అడిగింది.

మేడమ్ ఆపమని చెయ్యి ఊపింది. ఆయన ఆపలేదు. ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎప్పటిలాగే ఫోర్‌మన్‌తో మాట్లాడినంత గంభీరంగా, "బర్రె తిన్నది" అన్నాడు.

పిల్లలు పడి పడి నవ్వారు. అందరూ నా వైపు తిరిగారు. థర్మోకోల్ తలలోపల నేనున్నాను. దానికి కళ్ల దగ్గర రెండు కన్నాలు, అంతే, ముఖం ఎవరికీ కనిపించదు. పిల్లలు బర్రెను ఏదో ఒకటి చెయ్యమని కేకలు పెడుతున్నారు. నేను తల ఊపాను. ఇంకా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. అందులో ఎగతాళి ఉందో, జాలి ఉందో, ఊరికే పిల్లల కోసం నవ్వాడో, ఆ కన్నాల్లోంచి నాకు తెలియలేదు. తర్వాత పదిహేనేళ్లు కన్నాలు లేకుండా చూసినా తెలియలేదు. ఆ వారం రికార్డింగు ఎవరి దగ్గరా లేదు. ఎవరి ఫోనులోనూ లేదు కనుక నాకు అది ఎప్పుడు పడితే అప్పుడు కనిపిస్తుంది.

కొన్నాళ్లకు చానెల్ మూతపడింది. అన్నను స్టోర్స్‌లోకి మార్చారు. ఏటా మార్చిలో సేఫ్టీ వారం వచ్చినప్పుడు కొత్తగా చేరినవాళ్లను షెడ్డు ముందు నిలబెట్టి, ఒక బల్ల వేసి, ఆయనను దాని మీదికి ఎక్కించేవారు. ఆయన చెయ్యి పైకెత్తి చూపించి, నేను అజాగ్రత్తగా ఉన్న, సైగ ఇచ్చి చెయ్యి పెట్టిన, మీరు పెట్టకుండ్రి, అని చెప్పేవాడు. చాలా బాగా చెప్పేవాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసినవాడు కదా. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లకు హిందీలో మళ్లీ చెప్పేవాడు. నేను గుంపులో వెనక నిలబడి వినేవాణ్ణి. చివర అందరితో పాటు చప్పట్లు కూడా కొట్టాను. ఒకసారి కాదు, ప్రతి ఏడూ.

తర్వాత క్రేన్‌కు క్యాబిన్ తీసేశారు. రిమోట్ చేతిలో పట్టుకుని నేలమీదే నడిచేవాణ్ణి. కింద నుంచి చూస్తే బరువు ఎంత నెమ్మదిగా దిగుతుందో, మనిషికి చెయ్యి తీసుకునే వ్యవధి ఎంత తక్కువో అప్పుడు అర్థమైంది. షెడ్డులో మోత ఆగిన ప్రతిసారీ నాలో ఎవరో లెక్కపెడతారు. చర్చిలో మౌన ప్రార్థనలోనూ అంతే. నాలుగు దాకా వస్తారు, ఏమీ జరగదు, మళ్లీ ఒకటి నుంచి మొదలు.

నెలకు రెండు ఆదివారాలైనా ఆయన ఇంటికి పోయేవాణ్ణి. పాటల గురించి మాట్లాడుకునేవాళ్లం. వేళ్లు పోయాక ఆయన గిటార్‌కు తీగలు తిరగేసి కట్టుకుని, కుడిచేత్తో నొక్కి, ఎడమచేతికి మిగిలిన బొటనవేలూ చూపుడువేలితో మీటడం నేర్చుకున్నాడు. పదేళ్ల తర్వాత కూడా నాకంటే బాగానే వాయించేవాడు, అదేం పెద్ద గొప్ప కాదు లెండి. ఒకసారి ధైర్యం చేసి, "అన్నా, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. ఆయన గిటార్ ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు. ఆ సైగ ఎవరు చేసినా ఆగాలి కదా. ఆగాను. నిజానికి నాకు కావాల్సిందీ అదే.

కూడిక రోజు తొందరగా పోయాను. షారోన్ చర్చి వెనక రేకుల కింద స్టీలు గ్లాసులు కడుగుతోంది. ఇప్పుడు అమీన్‌పూర్‌లో ఉంటుంది, సిటీలో ఉద్యోగం. నన్ను చూసి, "ఏంది బాబాయ్, గింత జల్దీ వచ్చినవ్" అంది. ఒక మాట చెప్పాలమ్మా అన్నాను. నిలబడే చెప్పాను. నాకు నేను చెప్పుకున్నప్పుడు అర నిమిషం పట్టేది, ఆమెకు చెబుతుంటే చాలాసేపు పట్టింది. ఆమె చేతిలో గ్లాసు చేతిలోనే ఉంది.

"అయితే నాన్న సైగ తప్పు ఇయ్యలే?"

"లేదమ్మా. ఆపమనే ఇచ్చాడు. నేను ఆపాను కూడా. ఆపి మళ్లీ దించాను."

"ఎందుకు?"

"చెయ్యి అలవాటుపడింది. పాటలో లాగా."

ఆమె గ్లాసు బోర్లించింది. ఇంకోటి తీసుకుని, కడగకుండా అట్లాగే పట్టుకుంది. చిన్నప్పుడు కాలనీలో ఏ పిల్ల చేతిలోంచి ఏది జారినా షారోన్ వాళ్ల నాయన లెక్క అజాగ్రత్త చెయ్యకు అనేవాళ్లట. ఇంట్లో తన చేతిలోంచి ప్లేటు జారినా వాళ్లమ్మ, నీ నాయన తీరే నీకు వచ్చింది, అనేదట. ఇదంతా ఆమె కోపంగా చెప్పలేదు. గ్లాసులు ఎన్ని ఉన్నాయో చెప్పినట్టు చెప్పింది. తర్వాత, "బర్రె తిన్నదని నాన్న అన్ననాడు నేను ముందట్నే కూసున్న. అందరికంటె గట్టిగ నవ్విన" అంది.

నేను బోర్లించిన గ్లాసులను వరసలో సర్దాను.

"ఇన్నేండ్లు ఇంటికి వచ్చినవ్ గద బాబాయ్. ఇద్దరు ఏం మాట్లాడుకున్నరు?"

"పాటల గురించి."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు తప్పించుకోవడానికి నాకు అక్కడ థర్మోకోల్ తల లేదు.

"నాకు చెప్తె ఏమైతది," అంది. "షెడ్డోళ్లంత లోపల కూసున్నరు. మైకుల చెప్పు."

"అమ్మ ఉంటుంది కదమ్మా..."

"అమ్మ గూడ వింటది."

చెప్పాను. పాస్టర్‌గారు నా పేరు పిలిచి, మా స్నేహం గురించి రెండు మంచి మాటలు చెప్పి, మైకు ఇచ్చారు. రాసుకున్న కాగితం జేబులోంచి తియ్యలేదు. ఆ రోజు ఆయన సైగ సరిగానే ఇచ్చాడనీ, తప్పు నాదనీ, నా ఉద్యోగం కోసం ఆయన తన మీద వేసుకున్నాడనీ, నేను వేసుకోనిచ్చాననీ చెప్పాను. చివరి మాట వెనక వరసలకు వినపడలేదు, మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మూడో వరసలో యాదగిరి తల వంచుకున్నాడు. షెడ్డు వాళ్లు కొందరు కూడా వంచారు. ఆ వంచిన తీరు చూస్తే కొందరికి ఇది కొత్త సంగతి కాదేమో అనిపించింది. రిటైరైన సేఫ్టీ ఆఫీసర్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. వదిన మాత్రం నా వైపు కాదు, పూలదండ వేసిన ఫొటో వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఇంట్లో ఏదో దాచిపెట్టి ఇప్పుడు దొరికిపోయిన మనిషిని చూసినట్టు.

భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు. కాసేపటికి యాదగిరి ఒక్కడు వచ్చి కూర్చున్నాడు. షారోన్ నా విస్తరిలో అందరికీ వడ్డించినట్టే వడ్డించింది. అంతకు మించి నాకేదో దక్కిందని నేను రాయడం లేదు.

మర్నాడు షారోన్ ఫోన్ చేసి, చర్చిలో చెప్పింది గాలికి పోతదనీ, కంపెనీకి కాగితం రాసియ్యమనీ అంది. పాతది రికార్డులో ఉన్నన్నాళ్లు దాని పక్కన ఇది కూడా ఉండాలంది. రాసి సంతకం పెట్టాను. కంపెనీ ఏం చేస్తుందో ఇంకా తెలియదు. ప్రస్తుతానికి రిమోట్ తీసేసుకుని నన్ను గేటు దగ్గర రిజిస్టర్ ముందు కూర్చోబెట్టారు.

కంపెనీకి ఇవ్వబోయే ముందు కాగితాన్ని షారోన్‌కు చూపించాను. ఒకే ఒక్క పేజీ. ఏ రోజు, ఎంత బరువు, ఏ సైగ, ఎవరి తప్పు. ఆమె రెండుసార్లు చదివింది.

"దీంట్ల చెయ్యే ఉన్నది బాబాయ్," అంది. "నాన్న లేడు."

కాగితం మడిచి కవర్లో పెట్టి నాకిచ్చి, మిగిలింది వేరే రాయమంది. ఇది రాశాను.